రూపు

పోశమ్మకు ఎండి రూపు చేయిస్తానని మా బాపమ్మ ఎప్పుడో మొక్కుకున్నది. మొక్కు తీరకముందే కాలం చేసింది. ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా, ఎవరి పెండ్లి సంబంధం తప్పిపోయినా ఆ మొక్కు మాట లేచేది. జ్వరం తగ్గగానే మళ్లీ మరుగున పడేది. కిందటి శ్రావణంలో ఆ బాకీ నా వంతుకు వచ్చింది. కరీంనగర్ బజార్లో ఒక అవుసలాయన దుకాణం ముందు చెప్పులు విడిచి, గద్దె మీద కూర్చున్నాను.

ఆయన వెండి రేకులోంచి రూపాయి బిళ్లంత ముక్క కత్తిరించాడు. కుంపట్లో ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచాడు. చెక్కపెట్టెలోంచి కంచు అచ్చు ఒకటి తీశాడు. దాని ఒంటి నిండా గుంటలు, గుంటకొక బొమ్మ, అన్నీ లోపలికి తిరిగినవే: పాదాలు, కళ్లు, ఊయల, నాగుపాము, చీర కట్టిన ఆడమనిషి. ఆ చివరి గుంట మీద రేకు పరిచి, పైన సీసపు ముద్ద పెట్టి, సుత్తెతో నాలుగు దెబ్బలు వేశాడు. ఐదోది వేయబోయి ఆగాడు. సీసాన్ని ఊడబీకి రేకును తిప్పితే పోశమ్మ: రెండు కళ్లు, నొసటన చుక్క, చేతుల్లో ఏముందో తెలియని గీతలు.

"రూపు పడ్డది" అన్నాడు.

తరాజులో వేశాడు. రెండు గ్రాములకు కొంచెం తక్కువ తూగింది. వెండి ధర లెక్కగట్టి ఒక అంకె చెప్పి, దాని మీద ఇంకో అంకె కలిపాడు. ఇదేందన్నా అని అడిగాను.

"ఎండికి తూకం ఉంటది సారూ. రూపుకు తూకం ఎక్కడిది?"

బేరం ఆడటానికి నోరు రాలేదు. తిరుగు బస్సులో ఆ మాటనే నెమరేసుకుంటూ కూర్చుంటే, ఈయన చెప్పింది పాణిని చెప్పినదానికి చాలా దగ్గరగా ఉందే అనిపించింది.

అష్టాధ్యాయి ఐదో అధ్యాయం, రెండో పాదం, 120వ సూత్రం. 'రూపం' అనే మాట మీద ఒక ప్రత్యయం చేరి 'రూప్యం' ఎప్పుడు అవుతుందో అందులో ఉంది. రెండే సందర్భాలు. ఒకటి ఆహతం, అంటే కొట్టగా పడ్డ రూపు కలిగినది. రెండోది ప్రశంస, అంటే చూడముచ్చటైన రూపు కలిగినది. నాణెమూ రూప్యమే, అందగాడూ రూప్యుడే. తర్వాత చాలా శతాబ్దాలకు కాశికావృత్తి రాసినవాళ్లు మొదటి అర్థానికి ఉదాహరణలు వెతుకుతూ కార్షాపణంతో పాటు దీనారాన్ని కూడా పేర్కొన్నారు. దీనారం రోమన్ల మాట. పాణిని చెవిన పడి ఉండదు. సముద్రం దాటి వచ్చిన బిళ్లను పాత సూత్రంలో ఇమడ్చటానికి వ్యాఖ్యాతలకు ఏ ఇబ్బందీ కలగలేదు. దాని మీదా దెబ్బ పడ్డ గుర్తుంది, అంతే చాలు. అమరసింహుడు ఇంకా సూటిగా తేల్చాడు: బంగారమైనా వెండైనా, ముద్ర కొడితే రూప్యం.

మనం రోజూ వాడే మాటలన్నీ ఈ కొమ్మకు కాసినవే. రూప్యం నుంచి రూపాయి. రూపకం ప్రాకృతుల నోట అరిగి అరిగి రూక. కాకతీయుల నాటి శాసనాల్లో మాడ పక్కన కనిపించే చిన్న నాణెం ఈ రూకే. ఇప్పుడు రూక అంటే కవులకూ పంతుళ్లకూ తప్ప ఎవరికీ పట్టదు. మా వైపు డబ్బంటే పైసలే. కానీ ఆ పాత మాట చావలేదు. నాణేన్ని వదిలేసి దేవతల మెడలోకి ఎక్కింది. వరలక్ష్మీ వ్రతానికి కొనే లక్ష్మీ రూపు, ఎల్లమ్మ రూపు, మైసమ్మ రూపు, కన్ను బాగైతే గుళ్లో సమర్పించే కండ్ల రూపులు, చనిపోయిన మొదటి భార్య గుర్తుగా రెండో ఆమె మెడలో వేసుకునే రూపు. పల్చటి రేకు, ఒక అచ్చు, నాలుగు దెబ్బలు. పాణిని 'ఆహతం' అన్నది ఇప్పటికీ అక్షరాలా జరుగుతున్న చోటు ఆ అవుసలాయన గద్దె.

డబ్బుకు పేరు పెట్టటంలో మనుషులు మూడు దారులు తొక్కారనిపిస్తుంది. ఒకటి తూకం దారి. కార్షాపణంలో కర్షం తూకం. యూదులూ ఫినీషియన్లూ వాడిన షెకెల్ అనే మాటకు అసలు అర్థం తూచటం. రెండోది చేతి దారి. గ్రీకుల ద్రాఖ్మాకు మూలార్థం పిడికెడు అంటారు. ఇనుప చువ్వలు పిడికిట పట్టి లెక్కించిన నాటి మాటట. ఆ పిడికెడే మన దగ్గర ద్రమ్మమై, దామ్ అయి, చివరికి 'దమ్మిడీకి కొరగాడు' అనే తిట్టులో తేలింది. మూడోది రూపు దారి. మనం రోజూ నడిచేది ఇదే. వెండి అనే మాటలో కూడా తూకం లేదు, తెలుపు ఉంది; వెల్ల, వెన్నెల, వెండి ఒకే ఇంటి పిల్లలు. లోహానికి రంగును బట్టి పేరు పెట్టాం, డబ్బుకు దాని ముఖాన్ని బట్టి.

ఒకప్పుడు రూపం అంటే చదువు. బౌద్ధుల వినయపిటకంలో ఉపాలి అనే పిల్లవాడి కథ ఉంది. వీడికి ఏ చదువు చెప్పిస్తే సుఖపడతాడా అని తల్లిదండ్రులు ఆలోచిస్తారు. రాత నేర్పిస్తే వేళ్లు నొప్పి పెడతాయి. లెక్కలు నేర్పిస్తే గుండె నొస్తుంది. రూపం నేర్పిస్తే కళ్లు నొస్తాయి. ఈ కళ్ల నొప్పి ఏమిటో వ్యాఖ్యాత బుద్ధఘోషుడు విప్పి చెప్పాడు: ఎన్నో కార్షాపణాలను అటూ ఇటూ తిప్పి చూడాలి కదా! చివరికి ఆ తల్లిదండ్రులు ఏ నొప్పీ లేని ఉద్యోగమని పిల్లవాణ్ని బౌద్ధ సంఘంలో చేర్చాలనుకుంటారు. పిల్లల చదువుల గురించి మన ఇళ్లలో జరిగే మాటలు వింటుంటే ఆ ఇద్దరూ పక్కింటివాళ్లలాగే ఉంటారు. కౌటిల్యుడి లెక్కలో రూపదర్శకుడు ఒక సర్కారీ ఉద్యోగి. నాణేలు చూసి మంచివో చెడ్డవో తేల్చటం అతని పని.

భువనేశ్వర్ దగ్గర ఉదయగిరి కొండలో హాథీగుంఫా శాసనం ఖారవేలుడు చిన్ననాడు నేర్చిన విద్యలను వరసగా చెబుతుంది: లేఖ, రూప, గణన, వ్యవహారం. రాజు కాబోయే పిల్లవాడు కూడా నాణేలు తిప్పి చూసి కళ్లు నొప్పించుకున్నాడన్నమాట. అదే శాసనం, అతను రాజైన రెండో ఏట సాతకణిని లెక్కచేయకుండా పడమటికి సేనను పంపాడని చెబుతుంది. సాతకణి అంటే శాతవాహనుల శాతకర్ణి. ఇక్కడితో కథ మా గోదావరి ఒడ్డుకు వచ్చేస్తుంది.

కోటిలింగాల. ఇప్పుడు జగిత్యాల జిల్లా వెల్గటూరు మండలం; మా తరానికి మాత్రం కరీంనగర్ జిల్లాయే. పెద్దవాగు గోదావరిలో కలిసే చోట, నదికి కుడి గట్టున మట్టిదిబ్బ. వాన పడి వెలిసినప్పుడల్లా ఆ దిబ్బ మీద బిళ్లలు తేలేవి. ఆ చెదురుమదురు బిళ్లలను సంగనభట్ల నరహరిశర్మ ఏరి దాచారు, పి.వి. పరబ్రహ్మశాస్త్రి చదివి లోకానికి చెప్పారు. ఆ వెనక రాష్ట్ర పురావస్తు శాఖ వి.వి. కృష్ణశాస్త్రి ఆధ్వర్యంలో తవ్వకాలు జరిపింది. ఒక జిల్లా మనిషి కళ్లు నొప్పించుకోవటంతో మొదలైన చరిత్ర ఇది, అందుకే ఉపాలి కథ నాకు ఇక్కడ గుర్తొస్తుంది.

ఆ దిబ్బలో రెండు రకాల నాణేలు దొరికాయి. మొదటివి వెండివి. చరిత్ర పుస్తకాలు వాటిని విద్ధాంక నాణేలంటాయి. విద్ధం అంటే గుచ్చబడినది. హిందీవాళ్లు పాణిని మాటే తీసుకుని 'ఆహత్' అంటారు, ఆ మాటకు గాయపడినది అనే అర్థం కూడా ఉంది. రేకును ముక్కలుగా కత్తిరించి, తూకం ఎక్కువైతే ఒక మూల తుంచి, ఒకవైపు ఐదు ముద్రలు కొట్టేవారు. తూకం లెక్కకు 32 రత్తులు, రత్తి అంటే మన గురిగింజే. అవుసలాయన పెట్టెలో ఇప్పటికీ ఒక డబ్బీలో నాలుగు గురిగింజలు ఉంటాయి. ఎలక్ట్రానిక్ తరాజు వచ్చాక వాటికి పని లేదు, పారేయటానికి మనసొప్పదు. బిళ్ల మీద సూర్యుడు, ఆరు చేతుల చక్రం, చెట్టు, ఏనుగు లాంటి బొమ్మలు. ఒక్క అక్షరం లేదు. ఏ రాజుదో, ఏ ఊరిదో చెప్పదు. రూపు ఉంది, పేరు లేదు.

వాటి వెనక వైపు సన్నసన్నటి గుర్తులు కొన్ని ఉంటాయి. డి.డి. కోశాంబి అసలు గణితశాస్త్రవేత్త. ఆయన ఇలాంటి నాణేలను వేలకొద్దీ తూచి చూశాడు. వెనక గుర్తులు పెరిగినకొద్దీ సగటు తూకం తగ్గుతూ వచ్చింది. చేతులు మారేకొద్దీ వెండి అరిగిందనీ, మధ్యమధ్య ఎవరో పరీక్షించి గుర్తు వేస్తూ పోయారనీ ఆయన తేల్చాడు. చెల్లని రూపాయికి గీతలెక్కువ అని మన సామెత. సామెత చెప్పినామెకు కోశాంబి తెలియదు, అయినా చేతిలో బిళ్లను తిప్పి చూసినవాళ్లకు తెలిసే సంగతి ఇది.

రెండో రకం చవక లోహాలవి. రాగి, సీసం, మిశ్రమ లోహం. విలువలో వెండి ముందు నిలవవు. కానీ వాటి మీద అక్షరాలున్నాయి. రఞో గోభదస. రఞో సిరి కంవాయస. రఞో సమగోపస. నరనస. శాతవాహనులకు ముందు ఇక్కడ ఏలిన, వేరే ఏ గ్రంథమూ తలవని రాజులు వీళ్లు. ఆ పైన చిముక సాతవాహనుడి పేరున్న నాణేలు. పురాణాలు సిముకుడు, శిశుకుడు అని రకరకాలుగా చెప్పిన పేరు లోహం మీద ఇలా కనిపించటం వల్లనే శాతవాహనుల పుట్టుక మా జిల్లాలోనా, మహారాష్ట్రలోనా అనే వాదన ఇంకా వేడిగా ఉంది. జిల్లావాడిని కాబట్టి నాకు ఒక పక్షం మీద మొగ్గు ఉంది; ఆ మొగ్గును సాక్ష్యమని చెప్పను.

ఆ మాటల చివరి 'స' చూడండి. ప్రాకృతంలో షష్ఠీ విభక్తి అది. గోభదస అంటే గోభదుడిది. అంతకుముందు బిళ్ల తన ముఖం మాత్రం చూపించేది. ఇప్పుడు తాను ఎవరి సొమ్మో నోరు తెరిచి చెబుతున్నది. వెండి పోయి సీసం వచ్చింది, బదులుగా పేరు వచ్చింది. ఆ సీసపు బిళ్లను సంతలో పెట్టి బియ్యం కొన్నవాడు లోహాన్ని నమ్మలేదు, ఆ 'స'ను నమ్మాడు. పెద్దపల్లి దగ్గరి పెద్దబంకూరులో ఇలాంటి శాతవాహన నాణేలు వేలకొద్దీ ఒకే కుండలో దొరికాయి. కుండ నిండా నమ్మకం పాతిపెట్టి, తిరిగి తీసుకోవటానికి రాలేకపోయిన మనిషి ఎవరో.

పేరు, రూపు కలిసి ఒకే వెండి బిళ్ల మీదికి రావటం ఇదే గోదావరి పుట్టింటి వైపు బాగా తెలుస్తుంది. 1906లో నాసిక్ జిల్లా జోగల్‌తెంబి దగ్గర 13,000కు పైగా వెండి నాణేలు బయటపడ్డాయి. అన్నీ క్షహరాత రాజు నహపాణుడివి. రాజు తల, చుట్టూ గ్రీకు అక్షరాలు, వెనక బ్రాహ్మీ, ఖరోష్ఠి. వాటిలో 9,000కు పైగా బిళ్లల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర మళ్లీ కొట్టించాడు: ఒకవైపు వంపుల కొండ, ఇంకోవైపు ఉజ్జయినీ గుర్తు, తన పేరు. ఓడించిన రాజు సొమ్మును కరగబోయలేదు, దాని మీదే కొట్టాడు.

తెలుగులో రూపుమాపటం అంటే లేకుండా చేయటం. దురాచారాన్ని రూపుమాపాలి అని వక్తలు ఎంత సులువుగా అంటారో! ఆ మాట అచ్చంగా, చేతి పనిగా జరిగిన చోటు చూడాలంటే ఆ బిళ్లలే చూడాలి. చూస్తే ఒక చిక్కు ఎదురవుతుంది. చాలా వాటి మీద నహపాణుడి ముక్కు, చెవి, గ్రీకు అక్షరాల తోకలు ఉజ్జయినీ గుర్తు కిందినుంచి ఇంకా కనబడుతూనే ఉన్నాయి. దెబ్బ కొట్టినవాడికి తొందర ఎక్కువైందో, లేక కింద ఎవరున్నారో తెలియాలనే అలా వదిలాడో. నేనైతే రెండోదే నమ్ముతాను. ఓడినవాడి ముఖం కనబడకపోతే గెలుపు ఎవరి మీదో జనానికి ఎలా తెలుస్తుంది?

తర్వాతి శాతవాహనులు ఆ తలబొమ్మ వాడుకను తామూ తీసుకున్నారు. వాసిష్ఠీపుత్ర పులుమావి, యజ్ఞ శాతకర్ణి వెండి నాణేల మీద రాజు తల ఉంటుంది. నహపాణుడి లాంటి క్షత్రపుల దగ్గర నేర్చిన పద్ధతి, వాళ్లు గ్రీకుల దగ్గర నేర్చినది. ముఖం అరువు సరే, మాట? ఒకవైపు ప్రాకృతం. రెండోవైపు విద్వాంసులు ద్రావిడమని చదివిన పంక్తి. ఇటు 'రఞో' అని ఉంటే అటు 'అరహణకు'. ఇటు 'సిరి', అటు 'తిరు' లేదా 'హిరు'. ఇటు 'పుతస', అటు కొన్నిటి మీద 'మకణకు'. అది తమిళమా, దక్కన్‌లో అప్పటి మరో దేశభాషా అన్న తగవులోకి నేను దిగను. 'స' ఉన్నచోటల్లా 'కు' కూర్చుంది, నాకు అది చాలు. రాముడికి కొడుకు అని ఈ రోజుకీ మనం షష్ఠి పని ఆ 'కు' చేత చేయిస్తూనే ఉన్నాం. వెండి మీద ఆ 'కు'ను చూసినప్పుడు పాత ఫొటోలో మన ఇంటి ముక్కు కనబడ్డట్టుంటుంది.

ఇలా ముఖం ఒకరిదీ మాట ఇంకొకరిదీ అయిన వెండి మన దగ్గరే పుట్టిందనుకోకండి. దీనికి కొన్ని వందల ఏళ్ల ముందు, మధ్యధరా సముద్రం నడుమ సిసిలీ దీవిలో కార్తేజివాళ్లు ఇదే చేశారు. కార్తేజి ఫినీషియావాళ్ల పెద్ద వ్యాపార నగరం, అయినా చాలాకాలం సొంత నాణెం లేకుండానే నడుపుకొచ్చింది. క్రీ.పూ. ఐదో శతాబ్దం చివర సిసిలీ యుద్ధాల్లో కిరాయి సైనికులకు జీతాలివ్వవలసి వచ్చింది. ఆ సైనికులు గ్రీకు వెండికి అలవాటు పడ్డవాళ్లు. అందుకని సిరక్యూస్ నగరం నాణెం మీది దేవత తలనే, జుట్టు చుట్టూ ఈదే డాల్ఫిన్లతో సహా, దించేశారు. వెనక మాత్రం గుర్రం, ఖర్జూరపు చెట్టు, కింద తమ ప్యూనిక్ లిపిలో తమ మాటలు: ఒకదాని మీద కార్తేజి పేరు, ఇంకోదాని మీద దండు జనమని అర్థమిచ్చే మాట. ఇక ఆ చెట్టు ఉత్తి చెట్టు కాదు. గ్రీకులో ఖర్జూరపు చెట్టునూ, ఫినీషియా మనిషినీ ఒకే మాటతో 'ఫోయినిక్స్' అంటారు. గ్రీకు సైనికుడు బిళ్ల చేతిలో పడగానే చెట్టు చూసి, ఇది ఫినీషియావాళ్లదని చదువుకుంటాడు. అక్షరం రానివాడికి బొమ్మే షష్ఠీ విభక్తి. మనవాళ్ల శ్లేష కవులు ఈ నాణెం చూసి ఉంటే టంకసాల ముందు వరస కట్టేవారు.

మళ్లీ ఇంటికొద్దాం. ఆదిలాబాద్ దాటి పెన్‌గంగ అవతలి గట్టుకు పోతే మరాఠీ మొదలవుతుంది. అక్కడ 'రుపే' అంటే వెండి. బెంగాలీలో 'రూపో', హిందీలో పాత మాట 'రూపా', అన్నీ వెండే. ముద్ర పేరు లోహానికి అంటుకుపోయింది. ఇక కొట్టినా కొట్టకపోయినా అది 'రూపా'యే. ఏరు దాటి ఇటొస్తే రూపు ముద్రగానే నిలిచింది, వెండి వెండిగానే ఉంది. రెండు గట్ల మీదా అదే సంత, అవే ఎడ్లబండ్లు, చాలామందికి రెండు భాషలూ వచ్చు. అయినా ఈ ఒక్క మాట దగ్గర ఏరు సరిగ్గా పొలిమేరలా పనిచేసింది. కారణం మన దగ్గర వెండికి అచ్చమైన మాట ఉండటమేనని నా ఊహ. ఇంట్లో మనిషి ఉన్న గదిలోకి చుట్టం వచ్చి మంచం వేసుకోలేడు కదా.

రూపాయికి మాత్రం మన దగ్గర కూడా ఒక చిత్రం జరిగింది. షేర్‌షా కొట్టించిన రుపియా 178 గ్రెయిన్లు. 1835లో ఈస్టిండియా కంపెనీ దాన్ని 180 గ్రెయిన్లకు స్థిరపరచింది. తులం కూడా అంతే. ఇంకేం, అవుసలాయనలకు తూకపు రాళ్లతో పని తప్పింది. రూపాయి బిళ్లనే తరాజులో వేసి 'రూపాయెత్తు' అన్నారు. వైద్యులు కషాయాలకూ అదే చెప్పారు: సొంఠి రూపాయెత్తు, పిప్పళ్లు అర్ధ రూపాయెత్తు. రూపుకు తూకం ఎక్కడిదని మా అవుసలాయన అన్నాడే, వాళ్ల తాత తరాజులో ఆ రూపే తూకమై కూర్చుంది. ఆడవాళ్ల బొట్టుకూ అదే కొలత. రూపాయి బిళ్లంత బొట్టు అంటే ఇప్పటి చిన్న బిళ్ల కాదు, ఆ పాత వెండి బిళ్ల అని బొట్టు పెట్టుకునే పెద్దవాళ్లను చూస్తే తెలుస్తుంది.

ఇక్కడ ఇంకో పేచీ. నిజాం రాజ్యంలో రూపాయలు రెండు. ఇంగ్లీషువాళ్లది కల్దార్; కల్ అంటే యంత్రం, యంత్రం మీద కొట్టినది అని. నిజాంది హాలీ సిక్కా. హాలీ అంటే ఇప్పుడు చెల్లుబడిలో ఉన్నది, సిక్కా అంటే అరబ్బీలో ముద్రకొట్టే అచ్చు. ఈ సిక్కానే వెనిస్ చేరి అక్కడి టంకసాలకు 'జెక్కా' అని పేరైంది, ఆ టంకసాల బంగారు నాణెం 'జెక్కినో' అయింది, అదే ఇంగ్లీషులో 'సీక్విన్' అయి, ఇప్పుడు రవికెల మీద కుట్టే తళుకు బిళ్లగా మన బజారుకే తిరిగొచ్చింది. కల్దార్ మీద రాజు తల. హాలీ మీద తల లేదు, చార్మినార్ ఉంది. దాని గుమ్మంలో నిజాం పేరులోని ఒక్క అక్షరం, మహబూబ్‌కు మీమ్, ఉస్మాన్‌కు ఐన్. బొమ్మా బొరుసా వేసుకునే పిల్లలకు చార్మినారే బొమ్మ.

హాలీ తూకం కొంచెం తక్కువ, వెండి పాలు కూడా తక్కువ. 7 హాలీలకు 6 కల్దార్లు. అంటే వంద కల్దార్లకు 116 హాలీ రూపాయల పది అణాల ఎనిమిది పైలు. మనం కట్నకానుకల్లో చదివించే నూటపదహార్లు ఇక్కడినుంచే వచ్చాయని చాలామంది చెబుతారు. లెక్క ముచ్చటగా కుదిరింది. కుదిరింది కాబట్టే నాకు అనుమానం. వందకు పైన కాస్త కలిపి ఇవ్వటం, గుండు సున్నాతో ముగించకపోవటం మనకు అంతకన్నా పాత అలవాటు. 1950లో హైదరాబాద్‌కు భారత రూపాయి వచ్చింది. హాలీ సిక్కా చెల్లుబాటు పూర్తిగా పోయింది 1959లో. నూటపదహార్లు మాత్రం పోలేదు.

చెల్లని ఆ రూపాయలు ఎక్కడికి పోయాయి? సగం కుంపట్లోకి. కరీంనగర్ వెండి తీగపని పేరున్నది. సాలెగూడంత సన్నటి తీగలతో నెమళ్లూ పన్నీరు బుడ్లూ అల్లుతారు, భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ తీగల్లో ఎన్ని చార్మినార్లు కరిగాయో. మిగిలిన సగంలో కొన్ని ఆదిలాబాద్ తండాల్లో ఇంకా కనబడతాయి. లంబాడి ఆడవాళ్లు పాత రూపాయిలకు కొక్కెం అతికించి దండ గుచ్చుకుంటారు. మన కాసులపేరు లాంటిదే. ఈ 'పేరు' దండ అనే అర్థమున్న పేరు, నామం కాదు. అయినా ఒక రాజు తల పక్కన ఇంకో రాజు తల, మధ్యలో చార్మినార్, కింద సంవత్సరం, అలా వరసగా గుచ్చి ఉన్న దండను చూస్తే రెండు పేర్లూ ఒకటేననిపిస్తుంది. చెల్లుబాటు పోయిన నాణెం మళ్లీ రూపు అయింది.

పోశమ్మ రూపును గుడికి తీసుకుపోయినప్పుడు పూజారి దాన్ని దేవత మెడలోని పాత దారానికి గుచ్చాడు. ఆ దారానికి అప్పటికే ఇరవై దాకా ఉన్నాయి. కొన్ని అరిగి అరిగి కళ్లు పోయి, నున్నటి రేకులైపోయాయి. వాటి మధ్య రూపు కాని బిళ్ల ఒకటి కనబడింది: ఒక మూల తెగి, వంకరగా, నల్లబడి. చేతిలోకి తీసుకుంటానంటే పూజారి ఒప్పుకోలేదు, అడగటం నాదే తప్పు. దూరంగా నిలబడి చూసినంతలో అది ఏమిటో చెప్పలేను.

1878లో ఇంగ్లీషువాళ్లు చేసిన నిధి నిక్షేపాల చట్టం, నేలలో దొరికిన సొమ్ము విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు చెప్పాలన్నది. అప్పటి పది రూపాయలంటే పది తులాల వెండి బిళ్లలు. ఇప్పుడు వానాకాలం పొలం దున్నుతుంటే, గోదావరి గట్టున మట్టి జారితే, పాత ఇల్లు కూలగొడితే దొరికే ఒక్క చిన్న నల్ల బిళ్లను చూస్తే ఎవరికీ ఆ చట్టం గుర్తు రాదు. కాబట్టి ఇది చదువుతున్నవాళ్లకు ఒక్క మాట. అలాంటిది దొరికితే ఎక్కడ, ఎంత లోతున, దాని పక్కన ఇంకేం దొరికాయో ఒక కాగితం మీద రాసిపెట్టండి. కరీంనగర్‌లో పురావస్తు మ్యూజియం ఉంది, అక్కడ చూపించండి. అంతవరకు దాన్ని చింతపండు పెట్టి తోమకండి.